రిస్టోర్ చేయని పాత కార్వెట్‌ను కొనదలచినవారు ఏమేమి పరీక్షించాలి

అమెరికా స్పోర్ట్స్ కారైన పాత షెవర్లే కార్వెట్ అమ్మకానికి ఉన్నదని విని చూడబోయేవారు అయస్కాంతాన్ని ఇంట్లోనే వదిలి వెళ్లడం మంచిది. కొన్నేళ్ల కిందట సికింద్రాబాద్ మారేడుపల్లిలో ఒక పాత బంగళా వెనుక షెడ్డులో దుమ్ము కప్పుకుని నిలబడి ఉన్న 1969 కార్వెట్‌ను చూడటానికి నాతో ఒక డెంటింగ్ మేస్త్రీ వచ్చాడు. పనిలో దిట్ట. జేబులోంచి అయస్కాంతం తీసి తలుపు మీద, బోనెట్ మీద, వెనుక చక్రాల పైభాగాన పెట్టి చూశాడు. అది ఎక్కడా అంటుకోలేదు. నన్ను పక్కకు పిలిచి, "సార్, ఈ బండికి రేకే లేదు, మొత్తం పుట్టీయే" అని గుసగుసగా చెప్పాడు. రేకు లేదన్న మాట నిజమే. 1953 జూన్ 30న అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో, ఫ్లింట్ పట్టణంలో మొదటి కార్వెట్ తయారైన నాటి నుంచి ఆ కారు బాడీని ఫైబర్‌గ్లాస్‌తో, అంటే గాజుపీచు కలిపిన ప్లాస్టిక్‌తోనే చేస్తున్నారు. అంబాసిడర్, ఫియట్ కార్ల మీద చేయి తిరిగిన మన మేస్త్రీలు తుప్పును, పుట్టీని పసిగట్టడానికి వాడే పద్ధతులు ఈ కారు మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే. పెయింటు మందాన్ని కొలిచే మామూలు మీటరు కూడా అడుగున లోహం ఉంటేనే అంకె చూపిస్తుంది కనుక ఇక్కడ దానితోనూ ప్రయోజనం లేదు.

ఈ వ్యాసంలో ఉదాహరణగా 1969 మోడల్‌నే తీసుకుంటాను. 1968 నుంచి 1982 వరకు తయారైన మూడవ తరం కార్వెట్లలో నేను దగ్గరగా చూసినది అదే. ఆ ఏడాది మోడల్ కింద అమెరికాలోని సెయింట్ లూయిస్ కర్మాగారంలో 38,762 కార్లు తయారయ్యాయి. వాటిలో 22,129 గట్టి పైకప్పు ఉండే కూపేలు, మిగిలినవి టాపు తీసే కన్వర్టిబుల్స్.

ముందుగా "ఒరిజినల్ కండిషన్" అన్న మాటను తేల్చుకోవాలి. అమ్మేవారు ఈ మాటను మూడు రకాల కార్లకు వాడుతుంటారు. ఒకటి, కర్మాగారంలో వేసిన పెయింటు, సీటు కవర్లు, ఇంజను, గాజులు చాలావరకు అలాగే ఉండి, అరిగిన భాగాలను మాత్రమే మార్చుకుంటూ వచ్చిన కారు. రెండు, ఎవరూ పట్టించుకోక షెడ్డులో పడి ఉన్న కారు. మూడు, ఎవరో రిస్టోర్ చేయబోయి, అంటే పూర్తిగా విప్పి మళ్లీ కొత్తదానిలా చేయబోయి, సగం విప్పి, సామాను అట్టపెట్టెల్లో వేసి వదిలేసిన కారు. ఈ మూడవ రకాన్ని రిస్టోర్ చేయని కారు అని పిలవడం భాషకే అన్యాయం. రెండవ రకం మొదటి రకమే కావచ్చు, కాకపోనూ వచ్చు, తేల్చవలసింది పరీక్షే. అయితే ఎక్కువ ధర పెట్టడానికి కారు ఇప్పటివరకు చెక్కుచెదరకుండా ఉన్నదన్న ఒక్క కారణం చాలదు. ఇకముందు కూడా దాన్ని పూర్తిగా విప్పకుండా నడుపుకోగలమా అన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. కింద చెప్పే ప్రతి పరీక్షనూ ఈ ప్రశ్నను మనసులో ఉంచుకుని చేయాలి.

కాగితాలు

కారు దగ్గరకు వెళ్లేముందే కాగితాల ఫోటోలు తెప్పించుకోవాలి. దిగుమతులకు ప్రభుత్వ లైసెన్సు కావలసిన కాలంలో విదేశీ కార్లు మన దేశానికి రావడానికి ఉన్న దారులు చాలా తక్కువ. రాయబార కార్యాలయాల సిబ్బంది తెచ్చుకుని, తిరిగి వెళ్లేటప్పుడు స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ ద్వారా అమ్ముడైన కార్లు అలా వచ్చినవే. అటువంటి కారైతే ఆ అమ్మకపు పత్రం, ఇటీవల దిగుమతి అయినదైతే కస్టమ్స్ వారి బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి పత్రం తప్పనిసరిగా ఉండాలి. ఆర్సీ ఒక్కటే చూపించి "మా తాతగారి నాటి నుంచి ఉన్నది" అనేవారి మాట నిజమే కావచ్చు, కానీ కస్టమ్స్ సుంకం కట్టని కారును కొంటే ఆ చిక్కు కొన్నవారికే చుట్టుకుంటుంది. ఆర్సీ ఏ రాష్ట్రానిదో చూడాలి. వేరే రాష్ట్రానిదైతే ఫారం 28 మీద అక్కడి ఎన్‌ఓసీ కావాలి. యజమాని మార్పునకు ఫారం 29, ఫారం 30 ఎలాగూ ఉంటాయి. అసలు యజమాని మరణించి ఉంటే వారసులందరి సంతకాలు వచ్చేవరకు బయానా ఇవ్వవద్దు. నలుగురు అన్నదమ్ములలో ముగ్గురు ఒప్పుకున్న బేరాలు ఎన్ని ఆగిపోయాయో హైదరాబాద్‌లో ఇళ్ల స్థలాలు కొన్నవారికి వేరే చెప్పనక్కరలేదు.

50 ఏళ్లు దాటిన కార్లకు 2021 జూలైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం మూలరూపంలోనే ఉండి, ఛాసిస్‌లో గానీ బాడీలో గానీ ఇంజనులో గానీ పెద్ద మార్పులు జరగని వాహనాన్ని వింటేజ్ వాహనంగా రిజిస్టర్ చేయించుకోవచ్చు. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తరువాత "వీఏ" అన్న అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు రూ.20,000, తిరిగి రిజిస్ట్రేషన్‌కు రూ.5,000 ఫీజు, గడువు 10 ఏళ్లు. ఇందులో ఒక షరతును చాలామంది గమనించరు. ఈ నంబరుతో కారును రోజూ రోడ్డు మీద తిప్పుకోవడానికి వీలులేదు. ప్రదర్శనలు, వింటేజ్ ర్యాలీలు, పెట్రోలు పోయించుకోవడం, మరమ్మతులు వంటి పనులకే బయటకు తీయాలి. ఆదివారం ఉదయం నెక్లెస్ రోడ్డు మీద తీరికగా తిరగాలన్నది మీ కోరిక అయితే, పాత మామూలు ఆర్సీ ఇంకా చెల్లుబాటులో ఉన్న కారును వెతుక్కోవడమే మేలు. స్టీరింగ్ ఎడమవైపు ఉన్నంత మాత్రాన కారు నడపడం నేరం కాదు. నిర్ణీత సిగ్నల్ పరికరం పనిచేసే స్థితిలో ఉండాలని మాత్రమే మోటారు వాహనాల చట్టం 120వ సెక్షను అంటుంది.

అంకెలు

1969 కారు నంబరు ముందు అద్దం పక్కన, డ్రైవరు వైపు స్తంభానికి బిగించిన చిన్న పలక మీద ఉంటుంది. బయట నిలబడి అద్దంలోంచే చదవవచ్చు. కూపే అయితే అది 194379 అన్న అంకెలతో మొదలై, సెయింట్ లూయిస్‌ను సూచించే ఎస్ అక్షరం, ఆపైన 7తో మొదలయ్యే ఆరంకెల వరుస సంఖ్యతో ముగుస్తుంది. కన్వర్టిబుల్‌కు 37 స్థానంలో 67 ఉంటుంది. పలక రివెట్లు చెదిరి ఉన్నా, చుట్టూ పెయింటు గీరుకుపోయి ఉన్నా ఆగి ఆలోచించాలి. 1968 కారును 1969 కారుగా చెప్పి అమ్మజూపడం కూడా ఉన్నది. 1968లో తాళంచెవి డాష్‌బోర్డులో పెట్టి తిప్పాలి, 1969లో స్టీరింగ్ కాలమ్‌లో. పక్కభాగాన "స్టింగ్‌రే" అన్న పేరు 1969 కారు మీదనే ఉంటుంది.

ఇంజను నంబరు కోసం బోనెట్ తెరిచి, కారులో కూర్చున్నవారికి కుడివైపు వచ్చే సిలిండర్ హెడ్డు ముందు, ఇంజను బ్లాకు మీద ఉండే చదునైన చిన్న మెట్టును చూడాలి. దాని మీద జిడ్డు, మట్టి పేరుకుని ఉంటాయి. కిరోసిన్‌లో ముంచిన గుడ్డతో మెల్లగా తుడవాలి తప్ప, ఎమెరీ కాగితాన్ని గానీ వైరు బ్రష్షును గానీ తాకనివ్వకూడదు. ఎందుకో ఆ మెట్టును తుడిచాక టార్చిలైటును ఏటవాలుగా పట్టి చూస్తే అర్థమవుతుంది. అంకెల కింద, కర్మాగారంలో బ్లాకును చదును చేసిన యంత్రం వదిలిన సన్నని సమాంతర గీతలు, కొత్త ఉక్కు గ్లాసు మీది గీతల్లా, ఒకే దిశలో సాగుతూ కనిపిస్తాయి. లేత్ షాపులో ఎవరైనా ఆ తలాన్ని మళ్లీ కోయించి ఉంటే ఆ గీతలు మాయమై నునుపుగానో, గుండ్రటి చారలతోనో ఉంటుంది. అటువంటి తలం మీద అంకెలు ఎంత చక్కగా కుదిరినా నమ్మకూడదు. ఆ మెట్టు మీద రెండు వరుసల ముద్రలు ఉంటాయి. ఒకటి ఇంజను తయారైన చోటును, నెలను, తేదీని, రకాన్ని చెబుతుంది. చిన్న వీ8 (ఎనిమిది సిలిండర్లు వీ ఆకారంలో ఉండే) ఇంజన్లకు ఫ్లింట్‌ను సూచిస్తూ వీ, పెద్ద వీ8లకు టోనవాండా కర్మాగారాన్ని సూచిస్తూ టీ మొదటి అక్షరంగా ఉంటుంది. రెండవది కారు నంబరులోని చివరి భాగమే. ఈ రెండవ ముద్ర అద్దం దగ్గరి పలకతో సరిపోతేనే ఇంజను ఆ కారుతో పుట్టినదని చెప్పవచ్చు. ఇంజను తేదీ కారు తయారైన తేదీకి కొంచెం ముందుగా ఉండాలి. తరువాతిదైతే ఇక వాదన అవసరం లేదు.

అదే నంబరును ఛాసిస్ ఫ్రేమ్ పైభాగాన కూడా కొడతారు గానీ, పైన బాడీ కూర్చుని ఉండటం వల్ల అది సులభంగా కనిపించదు. సెల్‌ఫోను కెమెరాను సందులో దూర్చి ప్రయత్నించవచ్చు. ఆర్టీఏ తనిఖీలో ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీయమని అడగడం మామూలే. ఈ కారుకు నంబరు ఎక్కడెక్కడ ఉంటుందో చూపే ఫోటోలను ముందే ముద్రించి దగ్గర ఉంచుకుంటే ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయం చుట్టూ తిరగడం కొంత తప్పుతుంది.

బాడీ, పెయింటు

ఫైబర్‌గ్లాస్‌కు తుప్పు పట్టదు, సొట్ట పడదు, పగులుతుంది, అతుక్కుంటుంది. కాబట్టి వెతకవలసినవి పగుళ్లు, అతుకులు. చక్రాల పైన ఉండే ఖాళీలో చేయి పెట్టి ప్యానెళ్ల లోపలి వైపు తడమాలి. కర్మాగారపు ప్యానెళ్లను రెండు అచ్చుల మధ్య నొక్కి తయారుచేశారు కనుక లోపలి వైపు కూడా దాదాపు నునుపుగానే తగులుతుంది. గుద్దుకున్న తరువాత చేత్తో పొరలు వేసి అతికించిన చోట గాజుపీచు పోగులు గరుకుగా, కొబ్బరిపీచులాగా చేతికి గుచ్చుకుంటాయి. ప్యానెళ్లు కలిసే చోట లోపలి నుంచి వేసిన అతుకుపట్టీలు వరుసగా, అంచులు తిన్నగా ఉండాలి. బయటి నుంచి వేలి కణుపుతో తడుతూ పోతే, అతుకు మందంగా ఉన్న చోట చప్పుడు మొద్దుగా మారుతుంది. పెళ్లిచూపుల్లా మర్యాదగా దూరం నుంచి చూస్తే ఇవేవీ తెలియవు, చొక్కా మాసిపోవడానికి సిద్ధపడాలి.

ఆ రోజుల్లో కార్వెట్‌కు వేసినది యాక్రిలిక్ లాకర్ పెయింటు. యాభై ఏళ్ల ఎండకు అది సాలెగూడులా సన్నగా చిట్లి ఉండటం సహజం. ఆ చిట్లులే దాని పాతదనానికి సాక్ష్యం. అద్దంలా మెరుస్తూ "ఒరిజినల్ పెయింటు" అని చెప్పే కారును చూస్తే నాకు అనుమానమే. యజమాని ఒప్పుకుంటే, కంటికి కనపడని మూల ఒకచోట థిన్నరు అద్దిన తెల్లగుడ్డను తేలికగా రుద్దవచ్చు. పాత లాకర్ కరిగి గుడ్డకు రంగు అంటుతుంది, తరువాతి కాలపు టూకే (గట్టిపడే ద్రవం కలిపి వేసే) పెయింటు అలా కరగదు. ఒప్పుకోకపోతే బలవంతం చేయవద్దు, కారు ఆయనది.

ఉక్కు ఎముకలు

ఇక్కడే ఎక్కువ సమయం గడపాలి. బాడీ ప్లాస్టిక్‌దే అయినా, దాని లోపల మనుషులు కూర్చునే భాగం చుట్టూ ఉక్కు చట్రం ఒకటి ఉంటుంది. ముందు అద్దం చట్రం, తలుపు బందులు ఉండే స్తంభాలు, తలుపు తాళం పడే స్తంభాలు, పైకప్పు కడ్డీ అన్నీ దానిలో భాగమే. అమెరికా వారు దీన్ని పక్షిపంజరం అంటారు. దాని కింద విడిగా ఉక్కు ఛాసిస్ ఉంటుంది. అద్దం చుట్టూ రబ్బరు ఎండి పగిలితే వాననీరు అద్దం కింది మూలల్లోంచి పంజరంలోకి దిగి, తలుపు బందుల స్తంభం అడుగున నిలుస్తుంది. బయట బాడీ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల ఎముక కరిగిపోతుంది.

పరీక్ష కష్టమైనది కాదు. డ్రైవరు కాళ్ల దగ్గర పక్కనుండే ప్లాస్టిక్ పలకను స్క్రూలు విప్పి తీయాలి, రెండవ వైపు కూడా. టార్చి వేసి స్తంభం అడుగుభాగాన్ని చూడాలి, వేలు పెట్టి తడమాలి. తలుపును సగం తెరిచి, చివర పట్టుకుని పైకి ఎత్తి చూడాలి. బందుల దగ్గర కదలిక ఉంటే అది అరిగిన పిన్నుల వల్లనో, బలహీనపడిన స్తంభం వల్లనో తేల్చుకోవాలి. తలుపు కింద పొడవునా ఉండే మెరుపు పట్టీని తీయనిస్తే ఇంకా మంచిది. మారేడుపల్లి కారులో ఇంజను ముద్రలు సరిగ్గా ఉన్నాయి, యంత్రపు గీతలు కూడా చెక్కుచెదరలేదు, పెయింటు మొదటిదే. కానీ ఎడమ పలక తీయగానే తుప్పు పెళ్లలు, వేయించిన అప్పడాల ముక్కల్లా, గుప్పెడు నా ఒళ్లో పడ్డాయి. స్క్రూడ్రైవరుతో తాకితే స్తంభం అడుగు మెత్తగా లోపలికి పోయింది. దాన్ని బాగుచేయాలంటే బాడీని ఛాసిస్ నుంచి లేపాలి, అద్దం తీయాలి, ఫైబర్‌గ్లాస్ కోయాలి, పెయింటు మళ్లీ వేయాలి. అంటే నేను ఎక్కువ ధర పెట్టి కొనబోతున్నది ఏదైతే ఉన్నదో, అది పని మొదలైన మొదటి వారంలోనే పోతుంది. రిస్టోర్ చేయవలసిన కారు ధరకు ఇస్తారా అని అడిగాను, వారు ఒప్పుకోలేదు, నేను వచ్చేశాను. ఇప్పటికీ ఆ కారు గుర్తుకు వస్తుంది, అది వేరే సంగతి.

ఛాసిస్‌లో చూడవలసిన చోటు వెనుక చక్రాలకు ముందు ఫ్రేమ్ పైకి వంగే భాగం. అక్కడ బురద లోపల చేరి తడిని పట్టి ఉంచుతుంది. కారును జాకీ మీద మాత్రమే నమ్మి కిందికి దూరవద్దు, స్టాండ్లు పెట్టించాలి. చిన్న సుత్తితో ఫ్రేమ్ పొడవునా తడుతూ వస్తే, మంచి ఉక్కు గంటలా మోగుతుంది, పుచ్చిన చోట మట్టికుండలా పలుకుతుంది. బ్యాటరీ ఈ కారులో బోనెట్ కింద ఉండదు, సీటు వెనుక అరలో ఉంటుంది. యాసిడ్ కారి కింద ఫ్రేమ్ మీద పడి ఉన్నదేమో ఆ వైపు ప్రత్యేకంగా చూడాలి.

హైదరాబాద్ గాలి ఈ విషయంలో కొంత మేలు. ముంబయి, చెన్నై, విశాఖల నుంచి వచ్చిన కారుకు సముద్రపు ఉప్పు తగిలి ఉంటుంది, ఇక్కడే నిలిచిన కారుకు ఆ బాధ లేదు. బదులుగా ఎండకు డాష్‌బోర్డు, రబ్బరు చిట్లుతాయి. కానీ ఒక ప్రశ్న తప్పక అడగాలి. 2020 అక్టోబరు వరదల్లో ఈ కారు ఎక్కడ ఉన్నది? ఆనాడు నగరంలో ఎన్నో అపార్టుమెంట్ల సెల్లార్లు నీట మునిగాయి. జవాబు ఏదైనా కార్పెట్ అంచు లేపి, సీటు పట్టాల బోల్టుల చుట్టూ, తలుపుల లోపలి అడుగున ఎండిన సన్నని ఒండ్రు ఉన్నదేమో చూడాలి. కార్పెట్ ఉతికించవచ్చు, తలుపు లోపలి ఒండ్రును కడిగేవారు అరుదు.

యంత్రభాగాలు

యంత్రాల విషయంలో అంత భయపడనక్కరలేదు. ఇందులోని 350 ఘనపు అంగుళాల, అంటే 5.7 లీటర్ల చిన్న వీ8 ఇంజను అమెరికాలో లెక్కలేనన్ని వాహనాల్లో వాడినదే. విడిభాగాలు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి, సరుకు రవాణా ఖర్చు, సుంకం లెక్క వేసుకోవాలి అంతే. ఏళ్లుగా ఆగిపోయిన ఇంజనును మీ ముందు బ్యాటరీ తగిలించి స్టార్ట్ చేసి చూపిస్తామని అమ్మేవారు ఉత్సాహపడితే వద్దనండి. స్పార్కు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో పలుచని నూనె పోసి, ఒకటి రెండు రోజులు ఆగి, ముందు చేత్తో తిరుగుతుందేమో చూడాలి. ఎయిర్ ఫిల్టరు మూత తీస్తే ఎలుకల గూడు కనిపించడం మన షెడ్లలో మామూలే; అలా ఉంటే వైర్లను కూడా అనుమానించాలి.

హెడ్‌లైట్లు ఈ కారులో ఇంజను పీల్చే గాలి ఒత్తిడితో పైకి లేస్తాయి. ఇంజను నడుస్తుండగా ఒకటి ముందు, ఒకటి తరువాత బద్ధకంగా లేస్తే ఎక్కడో గొట్టం చిట్లిందని అర్థం. చిన్న ఖర్చే, బేరానికి మాత్రం పనికొస్తుంది. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు ఉంటాయి. కదలకుండా నిలిచిన కారులో డిస్కును నొక్కిపట్టే కాలిపర్ల లోపల గుంతలు పడి బ్రేక్ ఆయిల్ కారుతుంది. వాటికి స్టెయిన్‌లెస్ స్టీలు స్లీవులు (లోపలి తొడుగులు) వేయడం అందరూ అంగీకరించిన మరమ్మతే; బాలానగర్‌లో కచ్చితంగా పనిచేసే లేత్ షాపులకు ఇది అసాధ్యం కాదు, కానీ కొలతలు కాగితం మీద రాసి ఇవ్వాలి. పెట్రోలు గొట్టాలన్నిటినీ మొదటే మార్చాలి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది, ఆనాటి రబ్బరు దాన్ని తట్టుకోలేదు. మీటరులో అంకెలు మైళ్లు, కిలోమీటర్లు కావు. లక్ష మైళ్లు దాటితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది కనుక మీటరు చూసి ధర నిర్ణయించవద్దు.

బేరం, ఆ తరువాత

అమెరికా ధరల పట్టికలను రూపాయల్లోకి మార్చి అడిగే అమ్మకందారులు ఉన్నారు. ఇక్కడ సుంకం కట్టి ఉన్నది కాబట్టి దానికి రెట్టింపు అనేవారూ ఉన్నారు. రెండిటికీ తలూపకుండా, పంజరం, ఛాసిస్, ఇంజను ముద్ర, కాగితాలు ఈ నాలుగింటి ఫలితాన్ని ముందుపెట్టి మాట్లాడాలి. చిట్లిన పెయింటు, చిరిగిన సీటు, మసకబారిన క్రోమియం చూపించి ధర తగ్గించమనడం ఇటువంటి కారు విషయంలో పొరపాటు, ఎందుకంటే మీరు కోరి కొంటున్నవే అవి.

బేరం కుదిరిన కారును తాడు కట్టి లాక్కురావద్దు, ఫ్లాట్‌బెడ్ లారీ మీద తెప్పించండి. తెచ్చిన రోజున పాలిష్ చేయించవద్దు, వాటర్ సర్వీసింగ్‌కు పంపవద్దు; అడుగుభాగాన సుద్దతో, రంగు చుక్కలతో కర్మాగారపు తనిఖీదారులు పెట్టిన గుర్తులు ప్రెషర్ నీటికి ఒక్క నిమిషంలో పోతాయి. ముందు ప్రతి మూలనూ ఫోటో తీయండి. మార్చిన ప్రతి పాత భాగాన్ని, చిన్న క్లిప్పయినా సరే, చీటీ కట్టి దాచండి. పెట్రోలు ట్యాంకు శుభ్రం చేయడానికి దించవలసి వస్తే మెకానిక్ పక్కనే నిలబడండి. ఆ ట్యాంకు పైభాగాన, కారు కర్మాగారంలో ఉన్నప్పుడు అతికించిన కాగితం ఒకటి ఉంటుంది. ఆ కారుకు ఏ ఇంజను, ఏ గేరుబాక్సు, ఏ రంగు, ఏయే అదనపు సామగ్రి వేయాలో అందులో టైపు చేసి ఉంటుంది. యాభై ఏళ్ల తడికి అది పెళుసుబారి, కొన్నిచోట్ల ఎలుకలు కొరికి ఉండవచ్చు. దించిన ట్యాంకును మెకానిక్ అలవాటుగా డీజిలు గుడ్డతో తుడవబోతాడు, ఆ చేతిని అక్కడే ఆపాలి.